చట్టం అడగని లెక్కకు జీతం ఎవరిస్తారు?

ప్రశ్న: మా అబ్బాయి బీఎఫ్‌ఎస్సీ (చేపలు, రొయ్యల పెంపకం మీద డిగ్రీ) ఆఖరి సంవత్సరం. రొయ్యల ట్రేసబిలిటీలో, అంటే సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో లెక్క పెట్టే పనిలో స్థిరపడతానంటున్నాడు. చట్టం తప్పనిసరి చేయని పనికి కంపెనీలు ఎన్నాళ్లు డబ్బు పెడతాయి? టెన్షన్‌గా ఉంది. - ఒక తండ్రి, పాలకొల్లు

జవాబు: సరైన చోటే పట్టుకున్నారండి. యూరప్‌లో 2005 నుంచి ప్రతి ఆహార వ్యాపారీ సరుకు ఎవరి దగ్గర కొన్నాడో, ఎవరికి అమ్మాడో చూపించాలి. అన్ని ఆహారాలకూ వర్తించే ఆ సాధారణ నిబంధన అడిగేది అంతవరకే. ఏ చెరువు, ఏ హేచరీ సీడ్ (రొయ్య పిల్లలు), ఏ మేత అన్నదాకా వెళ్లడం చాలావరకు కొనేవాళ్లు అడిగితేనో, బీఏపీ, ఏఎస్‌సీ లాంటి ప్రైవేటు సర్టిఫికెట్ల కోసమో చేసేదే.

ఏజెంటు నలుగురు రైతుల 50 కౌంట్ (కిలోకు 50 తూగే) రొయ్యను ప్లాంటుకు తెచ్చాడనుకోండి. అంతా కలిపి గ్రేడింగ్ చేస్తే పని త్వరగా తెములుతుంది. కానీ ఒక చెరువు సరుకులో యాంటీబయాటిక్ ఆనవాలు దొరికితే నలుగురి సరుకూ అనుమానంలో పడుతుంది. విడివిడిగా నడిపితే నష్టం ఒక్క లాట్‌తో, అంటే ఆ ఒక్క రైతు సరుకుతో ఆగుతుంది. అలా చేయాలంటే లాట్ మారినప్పుడల్లా లైను ఆపి కడగాలి, లేబుళ్లు మార్చాలి. అంతసేపూ ఖాళీగా ఉన్న కూలీలకూ డబ్బులివ్వాల్సిందే. లాట్ ఎంత చిన్నదైతే గిట్టుబాటవుతుందో లెక్కగట్టగలిగినవాడికి చట్టం ఉన్నా లేకున్నా పని ఉంటుంది. ట్యాబ్‌లో వివరాలు ఎక్కించే ఉద్యోగానికి మాత్రం నేను భరోసా ఇవ్వను.

రైతు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. చెరువు వివరాలు పుస్తకంలో రాసే శ్రమ ఆయనది, కంటైనర్ వెనక్కి రాకపోతే మిగిలేది ఎగుమతిదారుడికి. పైగా తేడా వస్తే వేలు నేరుగా ఆయన చెరువు వైపే చూపిస్తారు. కిలోకు నాలుగు రూపాయలు ఎక్కువ రాకపోతే ఎందుకు రాస్తాడు? రాసినా రొయ్యలు పట్టే ముందురోజు కూర్చుని ఒకే పెన్నుతో పుస్తకమంతా నింపేస్తాడు. ఆ పుస్తకానికి క్యూఆర్ కోడ్ తగిలిస్తే నిజమైపోదు కదా!

కాబట్టి బ్లాక్‌చైన్ (ఎక్కించిన వివరాలను తర్వాత మార్చడానికి వీల్లేకుండా దాచే కంప్యూటర్ పద్ధతి) కోర్సులకు ఇప్పుడే ఫీజు కట్టకండి. ముందు ఏదైనా ప్రాసెసింగ్ ప్లాంటు క్వాలిటీ విభాగంలో ఒక ఏడాది చేయనివ్వండి, హాసప్ (ఆహారం ఎక్కడ చెడొచ్చో ముందే గుర్తించి అడ్డుకునే పద్ధతి) అక్కడే వంటబడుతుంది. ఆ తర్వాత ముంబయిలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థ సీఐఎఫ్‌ఈలో ఫిషరీస్ ఎకనామిక్స్ పీజీకి ప్రయత్నించవచ్చు. మేనేజ్‌మెంట్ వైపు మొగ్గితే హైదరాబాద్‌ మేనేజ్‌ సంస్థలో అగ్రి బిజినెస్ ఉంది, దానికి క్యాట్ ప్రవేశ పరీక్ష రాయాలి.

ట్రేసబిలిటీ ఉద్యోగం ఏదైనా వస్తే, జీతం కొనుగోలుదారుడి ఆర్డర్ల మీద వస్తోందా, ఏదైనా ప్రాజెక్టు గ్రాంటు నుంచా అని ఇంటర్వ్యూలోనే అడగమనండి. గ్రాంటయితే ఎప్పటిదాకా ఉందో కూడా కనుక్కోవాలి.