మోటార్‌బోట్, లాంచీ, స్పీడ్‌బోట్: తేడా ఏంటి?

లక్నవరం చెరువులో స్పీడ్‌బోట్ అంటారు, గోదావరి మీద లాంచీ అంటారు. మరి మోటార్‌బోట్ ఏది అని ప్రశ్న. ఇంజిన్‌తో నడిచే చిన్న పడవ ఏదైనా మోటార్‌బోటే. నాటుపడవ వెనక ఇంజిన్ బిగించినా ఆ పేరు చెల్లుతుంది. స్పీడ్‌బోట్ అందులో వేగంగా పోయే రకం. లాంచీ అంటే జనాన్ని ఎక్కించుకునే కాస్త పెద్ద ఇంజిన్ పడవ. అది పోర్చుగీసు ‘లాంచా’ నుంచి ఇంగ్లిష్ మీదుగా వచ్చిన మాట. రాకెట్ లాంచ్‌కీ దీనికీ చుట్టరికం లేదు. డీజిల్ పడవను స్టీమర్ అనడం మాత్రం తప్పే, స్టీమర్ అంటే ఆవిరితో నడిచేది.

ఇంజిన్ పడవ లోపలుంటే ఇన్‌బోర్డ్, వెనక చెక్కకు బయట తగిలిస్తే ఔట్‌బోర్డ్. ఔట్‌బోర్డ్‌ను లోతు తక్కువైన చోట పైకి లేపుకోవచ్చు. లేపకపోతే నీళ్లలో తిరిగి పడవను నెట్టే ఫ్యాను రెక్కలు రాళ్లకు తగులుతాయి, లేదా నాచు, తెగిన వల దారాలు చుట్టుకొని ఇంజిన్ ఆగిపోతుంది. ఇంజిన్ పూర్తిగా బంద్ చేశాకే వాటిని కోసి తీయాలి.