నాగోలులో ఇల్లు, అత్తాపూర్‌లో ఉద్యోగం: 300 నంబరు బస్సును నమ్ముకోవచ్చా, ఇల్లు మారాలా?

ఇల్లు మారకండి. అడ్వాన్సు, పిల్లల స్కూలు, పాలవాడు, పనమ్మాయి, ఇవన్నీ మళ్లీ మొదటి నుంచి కుదుర్చుకునే బదులు, హైదరాబాద్‌లో ఉప్పల్ నుంచి మెహదీపట్నం దాకా పోయే 300 ఎక్కండి. నేను చాలా ఏళ్లుగా సరిగ్గా ఈ దారిలోనే ఉద్యోగానికి వెళ్లొస్తున్నాను.

మీ ప్రశ్నలో "బస్సు ఊరంతా చుట్టి వస్తుంది కదా, రోజూ నిలబడి వెళ్తే నడుం పడిపోదా" అని రాశారు. ఇది 300 ఎక్కని వాళ్లనే మాట. ఉప్పల్ నుంచి మెహదీపట్నం వెళ్లాలంటే 113ఎం కూడా ఉంది, అది రామంతాపూర్, అంబర్‌పేట మీదుగా ఊరి నడుమ నుంచి పోతుంది. 300 మాత్రం ఎల్బీ నగర్, సాగర్ రింగ్ రోడ్డు, కర్మన్‌ఘాట్, చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్, ఉప్పర్‌పల్లి, అత్తాపూర్ మీదుగా ఇన్నర్ రింగ్ రోడ్డు పట్టుకుని వస్తుంది. కోఠి వైపో సికింద్రాబాద్ వైపో పోయే బస్సులో ఎక్కినవాళ్లలో సగం మంది చివరిదాకా దిగరు. ఎక్కడ నిలబడ్డారో అక్కడే ఉండాలి. రింగు మీద పోయే బస్సు అలా కాదు. ఎల్బీ నగర్‌లో సగం ఖాళీ అవుతుంది, మళ్లీ నిండుతుంది. చాంద్రాయణగుట్టలో ఖాళీ అవుతుంది, మళ్లీ నిండుతుంది. ఆరాంఘర్‌లో ఇంకోసారి. నాగోలులో నిలబడి ఎక్కినా ఎల్బీ నగర్ దాటేలోపు సీటు దొరక్కపోవడం చాలా అరుదు.

ఎందుకంటే ఈ ఒక్క రూటు ఊళ్లోకి వచ్చే హైవేలను వరసగా దాటుతుంది. ఉప్పల్‌లో వరంగల్ రోడ్డు, ఎల్బీ నగర్‌లో విజయవాడ రోడ్డు, తర్వాత నాగార్జున సాగర్ రోడ్డు, చాంద్రాయణగుట్ట దగ్గర శ్రీశైలం రోడ్డు, ఆరాంఘర్‌లో బెంగళూరు రోడ్డు. నల్గొండ నుంచి వచ్చి శంషాబాద్ వైపు పోవాల్సిన మనిషి ఊరి నడుమ ఉన్న పెద్ద బస్టాండు ఎంజీబీఎస్ మొహం చూడనక్కర్లేదు, ఎల్బీ నగర్‌లో దిగి 300 పట్టుకుని ఆరాంఘర్‌లో మారితే చాలు. అందుకే ఎండాకాలం సెలవుల్లో ఈ బస్సులో కాలు పెట్టే చోట బియ్యం మూటలు, ఆవకాయ డబ్బాలు కనిపిస్తాయి. మన నగరంలో రూట్లు వేసేవాళ్లకి ఇది ఎప్పటికీ అర్థం కాదని నా బాధ. బండి చక్రంలో ఆకుల్లా అన్నీ నడిబొడ్డుకే చేరాలనుకుంటారు. జనం మాత్రం కోఠి మానేసి చాలా కాలమైంది. ఇల్లు ఒక శివారులో, పని ఇంకో శివారులో, పెళ్లిచేసిన కూతురు మరో శివారులో.

సీటు సంగతి ఎత్తారు కాబట్టి ఒకటి చెప్పాలి. మా అమ్మకి మెహదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో శుక్లాల ఆపరేషన్ అయింది. ఇంటికి క్యాబ్‌లో తీసుకెళ్దామంటే వద్దంది, కారులో అద్దాలు వేస్తే అమ్మకి వాంతులు. సరేనని సాయంత్రం బస్టాండులో నిలబడ్డాం. బస్సు వచ్చీ రాగానే కిటికీల్లోంచి చేతిరుమాళ్లు, టిఫిన్ డబ్బాల సంచులు లోపల పడ్డాయి. నేను అమ్మ చెయ్యి వదిలి ముందుకు పోలేను. మేం మెట్లెక్కేసరికి సీట్లన్నీ అయిపోయాయి.

అమ్మ నల్ల కళ్లద్దాలతో రాడ్ పట్టుకుని నిలబడింది. డాక్టర్ మరీమరీ చెప్పి పంపించారు, కంటికి దెబ్బ తగలకూడదు, దుమ్ము పడకూడదు అని. నాకు ఒకటే టెన్షన్. మూడో సీట్లో బురఖా వేసుకున్న ఒకావిడ ఉంది, ఒళ్లో రైతు బజార్ సంచి, అందులోంచి గోంగూర కట్టలు బయటికి వస్తున్నాయి. అమ్మ కళ్లద్దాలు చూసింది. ఏమీ అడగలేదు. లేచి, సంచి నా చేతిలో పెట్టి, అమ్మ భుజం పట్టి కూర్చోబెట్టింది. "చాంద్రాయణగుట్ట దాకానే నేను, పర్వాలేదు" అంది తెలుగులోనే. ఆ తర్వాత నా వైపు తిరిగి కోప్పడింది: కిటికీ పక్క కూర్చోబెడితే దుమ్ము కొట్టదా, ఈ పక్క కూర్చోబెట్టు అని. పక్క సీట్లో ఉన్న కాలేజీ పిల్లని కిటికీ వైపు జరిపి అమ్మని మార్పించింది.

ఆరాంఘర్ దాటాక అసలు గండం మొదలైంది. కాటేదాన్ ఫ్యాక్టరీలు వదిలే వేళ. ఎక్కేవాళ్లు ఎక్కుతూనే ఉన్నారు, కండక్టర్ "లోపలికి జరగండమ్మా" అంటూనే ఉంది. నడిచే దారి పక్క కూర్చోబెట్టాం కదా, ఇప్పుడు నిలబడ్డవాళ్ల మోచేతులన్నీ అమ్మ మొహం ఎత్తుకే వస్తున్నాయి. ఆవిడ సీటు మూల కమ్మీని రెండు చేతులతో పట్టుకుని, వీపు జనం వైపు పెట్టి, అమ్మకి అడ్డంగా నిలబడింది. "ఆంఖ్ కా ఆపరేషన్ హై, జరా హట్కే ఖడే రహో" (కంటి ఆపరేషన్ అయింది, కాస్త పక్కకి నిలబడండి) అని గట్టిగా అరిచింది. ఆ మాట వెనకదాకా పాకింది. కండక్టర్ ఈలతో డ్రైవర్‌ని పిలిచి స్పీడ్ బ్రేకర్ల దగ్గర మెల్లగా పోనివ్వమని చెప్పింది. ఫ్యాక్టరీ నుంచి వస్తున్న ఇద్దరు అమ్మాయిలు అవతలి పక్క ఆవిడలాగే చేతులు చాపి నిలబడ్డారు. మా అమ్మకి ఉర్దూ ముక్క రాదు. అయినా గోంగూర కట్ట ఎంతకి ఇచ్చారు, ఎర్రదా తెల్లదా అని ఆవిడతో మాట్లాడుతూనే ఉంది. చాంద్రాయణగుట్టలో ఆవిడ దిగేముందు ఫ్యాక్టరీ అమ్మాయిలకి అప్పగించి మరీ దిగింది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఈ రూట్లో రోజూ తిరిగేవాళ్లకి ఎవరెక్కడ దిగుతారో అడిగే అలవాటుంది. "నేను మిధానిలో దిగుతా, ఇక్కడే నిలబడు" అని వాళ్లంతట వాళ్లే చెబుతారు. సిగ్గుపడకుండా మీరూ అడగండి.

ఆడవాళ్లకి ఇంకో మాట. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీలోనే కాదు, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లో కూడా మనకి జీరో టికెట్టే. ఆధార్ దగ్గర పెట్టుకోండి. "ఫ్రీ పెట్టాక బస్సులు ఆగమయ్యాయి" అని మగవాళ్లు విసుక్కుంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఈ ఆడవాళ్లంతా కొత్తగా ఆకాశం నుంచి ఊడిపడలేదు. ముందు షేర్ ఆటోల్లో డ్రైవర్ పక్కన సగం బయటికి వేలాడుతూ ఇవే పనులకి పోయేవాళ్లు. రద్దీ పెరిగితే బస్సులు పెంచమని అడగాలి, ఎక్కినవాళ్లని అనకూడదు.

ఆరాంఘర్ నుంచి అత్తాపూర్ దాకా మాత్రం ఓపిక కావాలి. 2009లో తెరిచిన 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మన నెత్తి మీద పోతుంది. ఎయిర్‌పోర్టు కార్లు పైన సాగిపోతుంటే, ఇంతమందిని మోసే బస్సు కింద పిల్లర్ల మధ్య సిగ్నల్ దగ్గర నిలబడుతుంది. ఇది నాకు ఎప్పుడూ అన్యాయంగానే అనిపిస్తుంది. ఆఫీసు అడ్రసు ఏ పిల్లర్ నంబరు దగ్గరో ముందే కనుక్కోండి, అక్కడ అందరూ పిల్లర్ల లెక్కే చెబుతారు.

మెట్రో వచ్చాక చూద్దాం అనుకుంటున్నారేమో. నాగోలు నుంచి ఎల్బీ నగర్, చాంద్రాయణగుట్ట, మైలార్‌దేవ్‌పల్లి మీదుగా ఎయిర్‌పోర్టుకి రెండో దశలో 36.8 కిలోమీటర్ల లైను ప్రతిపాదించారు. మ్యాపు తీసి చూడండి, అందులో చాలా భాగం 300 దారే. ఈ బస్సు ఇన్నేళ్లుగా చెబుతున్నది ఇప్పటికి చెవికెక్కిందన్నమాట. కానీ ఆ లైను చివర్లో ఎయిర్‌పోర్టు వైపు తిరుగుతుంది, అత్తాపూర్ రాదు. మీకు అప్పుడూ బస్సే దిక్కు.

ఇక రోజువారీ సంగతి. పొద్దున గంటన్నర వేసుకుని బయల్దేరండి. బోర్డు మీద 300 పక్కన అక్షరం ఏదైనా ఉంటే ఊరి పేరు చదివి ఎక్కండి. మెట్రో ఎక్స్‌ప్రెస్ వస్తే వదలకండి, చిన్న స్టాపుల్లో ఆగదు కాబట్టి కర్మన్‌ఘాట్ వైపు బాగా కలిసొస్తుంది. కిటికీ సీటే కావాలంటే నాగోలులో నిలబడకుండా ఉప్పల్ వెళ్లి ఎక్కండి. ఉద్యోగంలో చేరేముందు లేటు విషయం తేల్చుకోండి. నా పాత ఆఫీసులో పది నిమిషాలు ఆలస్యమైతే సగం రోజు జీతం కోసేవారు, వాన పడిన రోజు కూడా. బస్సులో వచ్చేవాళ్లకే ఆ శిక్ష, కార్లో వచ్చే మేనేజర్‌కి లేదు. అలాంటి చోటైతే మార్చాల్సింది ఉద్యోగం, ఇల్లు కాదు. రాత్రి ఎనిమిదిన్నర దాటితే బస్సు కోసం చూసే సమయం పెరుగుతుంది. అందుకే సాయంత్రం ఎన్నింటికి వదులుతారో కూడా ఇంటర్వ్యూలోనే అడిగేయండి.