సంచి వీపున, చేతులు ఖాళీగా

ప్రశ్న: నా వయసు 24. జనవరిలో, ముంబైకి సముద్రం అవతలున్న అలీబాగ్‌లో అక్కాబావల దగ్గర వారం రోజులుంటాను. తిరుగు ప్రయాణం ముంబై సీఎస్‌ఎంటీ నుంచి రాత్రి హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్‌లో. ముంబై దాకా వీపు సంచితో ఒక్కదాన్నే పడవలో వెళ్లాలని ఉంది. బావ మాత్రం "నీకు ఈత రాదు, పైగా సామాను, కారులో దింపుతాను" అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, సిద్దిపేట

జవాబు: పడవే ఎక్కండి. 2024లో ముంబై, నవీ ముంబైల మధ్య సముద్రం మీద అటల్ సేతు వంతెన వచ్చాక రోడ్డు దారి కొంత తగ్గినా, శని, ఆదివారాల్లో దారిలోని వడఖళ్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే గంటలు కరిగిపోతాయి. అలీబాగ్ దగ్గరి మాండ్వా రేవు నుంచి ముంబైలోని గేట్‌వే ఆఫ్ ఇండియాకు నీటి మీద సుమారు గంట. అలీబాగ్‌లోనే టికెట్టు కొంటే మాండ్వా దాకా బస్సు కూడా అందులోనే వస్తుంది. బావగారు కారు తీయనక్కర్లేదు.

ఆయన భయాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. 2024 డిసెంబరులో ఎలిఫెంటా దీవికి వెళ్తున్న పడవ ప్రమాదంలో ప్రాణాలు పోయింది ఈ సముద్రంలోనే. ఎక్కగానే లైఫ్ జాకెట్ అడిగి, బకిల్స్ బిగించి కూర్చోండి. పక్కవాళ్లు వేసుకోకపోయినా సరే, మీరు వేసుకోండి.

నా అనుభవంలో అసలు జాగ్రత్త పడాల్సిన చోటు సముద్రం మధ్యలో లేదు, దిగేటప్పుడు ఉంది. గేట్‌వే దగ్గర పడవలను ఒకదాని పక్కన ఒకటి కడతారు. ఒక్కోసారి పక్క పడవ మీదుగా దాటి మెట్టెక్కాలి. రెండు అంచులూ ఎగిరిపడుతుంటాయి, మధ్య సందులో నీళ్లు లేస్తాయి, రాతిమెట్టు పాచితో జారుతుంది. మొదటిసారి నేను చక్రాల పెట్టెతో వెళ్లాను. ఒక చేయి దానికే అంకితం. కాలు తడబడితే పడవ మనిషి మోచేయి పట్టుకుని పైకి లాగాడు. అప్పటి నుంచి పెట్టె మానేశాను. సంచి ఏడెనిమిది కిలోలు మించకూడదు, రెండు పట్టీలూ భుజాలకు ఉండాలి, ఫోను జేబులోకి పోవాలి. అక్క కట్టిచ్చే పోహా పాపడ్ల డబ్బాలు చేతిలో పట్టుకోకుండా సంచిలోనే సర్దండి.

ఉదయం పడవ చూసుకోండి. జనవరిలో తెల్లటి సముద్రపు కాకులు పడవ వెంటే వస్తాయి. చిప్స్ విసిరేవాళ్లుంటారు, మీరు విసరకండి, వాటికి అది తిండి కాదు. పొగమంచులోంచి ముందు తాజ్ హోటల్ గుమ్మటం, తర్వాత 1924లో పూర్తయిన గేట్‌వే రాతి తోరణం తేలతాయి. దాన్ని సముద్రానికి ఎదురుగా కట్టారు. 1948 ఫిబ్రవరిలో చివరి బ్రిటిష్ పటాలం దాని కిందుగానే నడిచి ఓడెక్కింది. మీరు ఆ దారినే ఎదురు దిశలో ఊళ్లోకి అడుగుపెడతారు. నాకు ముంబైని చూడటానికి ఇంతకంటే మంచి ద్వారం తెలియదు.

దిగాక నేరుగా టాక్సీలో సీఎస్‌ఎంటీకి వెళ్లి క్లోక్‌రూమ్‌లో సంచి పెట్టేయండి. తాళం లేని సంచి తీసుకోరు, జిప్పులకు చిన్న తాళం అలీబాగ్‌లోనే కొనుక్కోండి. తర్వాత రాత్రి దాకా కాలా ఘోడా, మ్యూజియం, ఫోర్ట్ వీధులు కాలినడకన తిరగొచ్చు. సాయంత్రం లోకల్ రైలు జోలికి మాత్రం పోకండి.

ఒకవేళ ప్రయాణం వానాకాలానికి మారితే ఈ పడవలుండవు. అప్పుడు మాండ్వా నుంచి ముంబైలోని భావూచా ధక్కా రేవుకు కార్లను కూడా ఎక్కించుకునే రోరో ఓడ ఉంది. దాంట్లో అయితే బావగారు కారుతో సహా మీ వెంట రావచ్చు.