నీ స్నేహితురాలికి పుస్తకం ఇచ్చే ముందు

చిట్టితల్లీ,

మొన్న రాత్రి ఫోనులో నువ్వు అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఒంగోలులో నీతో పనిచేసే అమ్మాయి కతోలిక సభలో చేరాలా వద్దా అని ఆలోచిస్తోంది, ఏ పుస్తకాలు ఇవ్వను పెద్దమ్మా అన్నావు. నెల్లూరులో మా విచారణ (మా గుడి పరిధిలోని సంఘం) పుస్తకాల బీరువా తాళంచెవి పద్దెనిమిదేళ్లు నా కొంగున ఉంది. అందులోంచి సరైన పుస్తకం తీసిచ్చిన రోజులున్నాయి. ఇవ్వకూడనిది ఇచ్చి ఇప్పటికీ బాధపడే రోజు ఒకటుంది.

ముందు ఆ రోజు సంగతే చెబుతాను. నాతో బళ్లో పనిచేసే టీచరు ఒకామె, బాప్టిస్టు ఇంటి పిల్ల, మరియమ్మ గురించి ఏదైనా చదవాలని ఉంది అక్కా అంది. నేను తొందరపడి, మిగతా సంఘాల తప్పులు ఎత్తిచూపే సన్నని పుస్తకం ఒకటి చేతిలో పెట్టాను. వారం తిరక్కుండానే తెచ్చి నా బల్లమీద పెట్టింది. "నాకు ప్రార్థన నేర్పింది మా అమ్మ. ఈ పుస్తకం చూస్తే మా అమ్మకు దేవుడే తెలియదు అన్నట్టుంది" అంది. అంతే, మళ్లీ ఆ మాట నా దగ్గర ఎత్తలేదు. పుస్తకంలో రాసినవాటికి జవాబు చెప్పగలిగేదేమో గానీ, ఆ అవమానానికి ఏం జవాబు చెబుతుంది?

నీ స్నేహితురాలిదీ బాప్టిస్టు ఇల్లే అన్నావు. ఒంగోలులో ఆ మాటకు ఎంత బరువుందో నీకు తెలియాలి. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత పని కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి దొరికేటట్టు చేశాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మన నెల్లూరు పీఠం, అంటే బిషప్పుగారి మేత్రాసనం, ఏర్పడింది 1928లో, అంటే దానికి యాభై ఏళ్ల తర్వాత. ఆ ఇళ్లలో అప్పటికే బైబులు చదువుతున్నారు, మోకాళ్ల మీద ప్రార్థన చేస్తున్నారు. కాబట్టి వాళ్ల ఇంటిని చిన్నబుచ్చే పుస్తకం మన సభవాళ్లు రాసిందైనా సరే ఇవ్వకు.

ఇంకో మాట ఆమెకు నువ్వే చెప్పు. పిత, పుత్ర, పవిత్రాత్మ నామంలో నీళ్లతో తీసుకున్న బాప్తిస్మాన్ని మన సభ ఒప్పుకుంటుంది, మళ్లీ ఇవ్వదు. విశ్వాసాన్ని ప్రకటించాక భద్రమైన అభ్యంగనం (విశ్వాసంలో స్థిరపరిచే తైలాభిషేకం), దివ్యసత్ప్రసాదం (ప్రభువు రాత్రి భోజనం) ఇచ్చి చేర్చుకుంటారు. ఇది తెలియక, అమ్మానాన్నల ముందు తను పొందిన బాప్తిస్మాన్ని కాదనుకోవాలేమోనని ఎంతోమంది కుమిలిపోతారు.

ఇక పుస్తకాలు. మొట్టమొదట మన బైబులే ఇవ్వు. వాళ్ల బైబులులో 66 పుస్తకాలు, మనదాంట్లో 73. ఆ తేడా ఏమిటని వాదంలోకి దిగక తోబీతు గ్రంథం తెరిచి చేతికివ్వు. పద్నాలుగే అధ్యాయాలు. చూపు పోయిన తండ్రి, ప్రయాణం కట్టిన కొడుకు, దారిలో తోడొచ్చిన మనిషి దేవదూత అని చివరిదాకా తెలియకపోవడం, వెంట నడిచే కుక్క. ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. ఏడు పుస్తకాలు ఎక్కువెందుకున్నాయని పది పేజీల వివరణ చదివేకంటే అందులో ఒకటి చదివితే భయం పోతుంది.

రెండోది, పూజ (గుళ్లో గురువు నడిపే సత్ప్రసాద ఆరాధన) క్రమం, జపాలు ఉండే చిన్న ప్రార్థన పుస్తకం. గుళ్లోనే దొరుకుతుంది. దీన్ని చాలామంది పుస్తకం కింద లెక్కేయరు, నా లెక్కలో మాత్రం అన్నిటికంటే ముఖ్యం ఇదే. నా చిన్నప్పుడు పూజ లాటిన్‌లో జరిగేది. రోములో బిషప్పులందరూ కూడిన రెండవ వాటికన్ మహాసభ తర్వాత తెలుగులోకి వచ్చాక, మా అమ్మ ఈ పుస్తకం వేలితో కూడబలుక్కుంటూ చదవడం నేను చూశాను. అయితే ఇక్కడ మాటలతో చిక్కుంది. ఆమె బాప్తిస్మం అంటుంది, మనం జ్ఞానస్నానం అంటాం. ఆమెకు పరిశుద్ధాత్మ, మనకు పవిత్రాత్మ. ఆమెకు సంఘం, మనకు శ్రీసభ. వేరే మాట వినగానే వేరే దేవుడేమో అన్నంత దూరం అనిపిస్తుంది. అందుకని మొదటి నాలుగు రోజులు పక్కన కూర్చుని చదువు. "దేవవరప్రసాదముచేత నిండిన మరియమ్మా వందనము" అన్నచోట ఆగి, ఆమె బైబులులో లూకా 1:28 తీయమను. "దయాప్రాప్తురాలా నీకు శుభము" అని ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూపించు, నువ్వేమీ మాట్లాడకు. జపం తర్వాతి ముక్క అదే అధ్యాయం 42వ వచనంలో ఎలిసబెతు నోట ఉంది.

మన సభ బోధలన్నీ ఒకచోట చెప్పే సత్యోపదేశ గ్రంథం, 1992లో వెలువడిన పెద్దది, మొదటి పేజీ నుంచి చదవమని ఎవరికీ ఇవ్వకు. 2,865 పేరాలు. నిఘంటువులా వాడుకోవాలి. సత్ప్రసాదం సంగతి అడిగితే 1322 నుంచి చూపించు. చనిపోయినవాళ్ల కోసం ప్రార్థన ఎందుకంటే 1030 నుంచి మూడు పేరాలు. మరియమ్మ గురించైతే 963 నుంచి. అడిగిన రోజు అడిగిన పేరాయే. ఆఫీసు పని ఆమె ఇంగ్లీషులో చేసుకుంటుందేమో గానీ, కన్నీళ్లొచ్చినప్పుడు ప్రార్థించేది తెలుగులోనే కదా. ఇంగ్లీషులో చదివినా, ఆ సాయంత్రం దాన్ని తెలుగులో మీరిద్దరూ మాట్లాడుకోండి.

మొదటి క్రైస్తవులు ఎలా ఆరాధించేవారని అడిగితే, క్రీ.శ. 155 ప్రాంతంలో పునీత (సెయింట్) జస్టిన్ క్రైస్తవుల తరఫున వాదిస్తూ రాసిన మొదటి సమర్థన అనే పుస్తకం చూపించు. చివర్లో 65 నుంచి 67 దాకా మూడే అధ్యాయాలు. ఆదివారం కూడుకోవడం, లేఖనాలు చదవడం, పెద్ద చెప్పే బోధ, రొట్టె, ద్రాక్షరసం మీద కృతజ్ఞతాస్తుతి, రాలేనివాళ్ల ఇంటికి పంపడం, పేదలకు చందా. చదివాక ఆదివారం పూజకు తీసుకెళ్లు. తేడాలూ పోలికలూ తనే చూసుకుంటుంది.

పునీతుల జీవితాల్లో ఫ్రాన్సు మఠకన్య చిన్న తెరేజమ్మ ఆత్మకథ ఇవ్వు. 24 ఏళ్లకే, 1897లో కన్నుమూసిన పిల్ల. ఘనకార్యాలేమీ ఉండవు, చిన్న పనులు ప్రేమతో చేయడమే ఉంటుంది. పునీత అగస్టీనుగారు తన మారుమనసు కథ చెప్పుకున్న పుస్తకం గొప్పదే, అందులో మొదటి తొమ్మిది భాగాలు చాలు, తర్వాతివి కష్టం. కానీ ఆయన తల్లి మోనికమ్మ కన్నీళ్ల కథ చెప్పి, మీ అమ్మా అలాగే ఏడుస్తుందిలే అని మాత్రం అనొద్దు. మోనికమ్మ ఏడ్చింది కొడుకు సభకు రావాలని. ఈ తల్లి ఏడ్చేది కూతురు దూరమవుతోందని. రెండూ ఒకటి కావు.

పుస్తకం కొనేటప్పుడు మొదటి పేజీల్లో ఇంప్రిమాటుర్ ఉందో లేదో చూడు. మేత్రాణులు (బిషప్పుగారు) అచ్చుకు అనుమతి ఇచ్చారని గుర్తు. సిద్ధాంతం తప్పలేదని దాని అర్థం, బాగా రాశారని కాదు. బాగుందో లేదో నువ్వు చదివే తేల్చుకోవాలి. నువ్వు చదవని పుస్తకం ఇవ్వకు.

ఒకసారికి ఒకటే. అది తిరిగి నీ చేతికొచ్చాకే ఇంకోటి. ఎంతవరకు వచ్చిందని అడగకు. ఇంగ్లండులో ఆంగ్లికన్ పాదిరిగా ఉన్న న్యూమన్‌గారికి 1839లో మొదలైన సందేహం 1845 అక్టోబరు 9న సభలో చేరేదాకా సాగింది. అంత చదువుకున్నాయనకే ఆరేళ్లు పట్టింది. చేరను అని చెప్పినా ఆమె నీ స్నేహితురాలే, ఆ మాట ముందే ఆమెకు వినిపించు. వాళ్ల పాస్టరుగారితో కూడా మాట్లాడమను. దాచిపెట్టి చదివే పుస్తకం మనసుకు పట్టదు.

నా పాత బైబులు మీ బాబాయితో పంపుతున్నాను, శుక్రవారం పినాకిని రైల్లో వస్తున్నాడు. తోబీతు దగ్గర ఎర్ర దారం పెట్టాను. అంచుల్లో నా పెన్సిలు రాతలుంటాయి, చెరిపేయకు, కావాలంటే ఆమెనూ రాసుకోనీ. మీ అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉందో రాయి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ