వేలిముద్ర పడలేదని రేషన్ ఆపితే డబ్బు అడగొచ్చా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు హైదరాబాద్‌లో బిల్డింగ్ పనులకు వచ్చి ఏడాదిన్నర అయింది. రైస్ కార్డు ఊళ్లో మా అత్తయ్య పేరున ఉంది, మా నలుగురి పేర్లూ అందులోనే ఉన్నాయి. అత్తయ్యకు డెబ్బై ఏళ్లు. వేలిముద్రలు అరిగిపోయి మిషన్ తీసుకోవడం లేదని రెండు నెలలుగా డీలర్ ఉత్తి సంచితో వెనక్కి పంపుతున్నాడు. ఇక్కడ షాపులో అడిగితే "మీది ఆంధ్రా కార్డు, ఊరెళ్లి తెచ్చుకోండి" అన్నారు. రేషన్ ఇవ్వకపోతే ప్రభుత్వం డబ్బు కట్టాలని ఎవరో చెప్పారు, నిజమేనా?

జవాబు: నిజమే అమ్మా. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టంలో సెక్షన్ 8 ఈ మాటే చెబుతుంది. మీకు రావాల్సిన బియ్యం ఇవ్వకపోతే దానికి బదులు ఆహార భద్రతా భత్యం రాష్ట్ర ప్రభుత్వం ఇవ్వాలి. దానికి 2015లో కేంద్రం రూల్స్ కూడా పెట్టింది. ఇవ్వని బియ్యానికి మద్దతు ధర మీద ఒకటింపావు రెట్లు లెక్కగట్టి, మరుసటి నెల మూడో వారంలోగా చెల్లించాలి. కానీ మీలాంటి వాళ్లందరూ ఆగిపోయే చోటు ఒకటుంది: ఆ నెల షాపుకే వెళ్లని వాళ్లకు ఈ భత్యం రాదు. అంటే మీ అత్తయ్య వెళ్లింది, అడిగింది, లేదనిపించుకుంది అని చూపించాలి. డీలర్ నోటితో "తర్వాత రా అమ్మా" అని పంపేస్తాడు, కాగితం ఏదీ ఉండదు, రేపు అధికారి అడిగితే "ఆవిడ అసలు రాలేదండీ" అంటాడు. అక్కడితో మీ కేసు అయిపోతుంది.

అయితే ఆవిడ వేలు పెట్టిన ప్రతిసారీ, అది ఫెయిలైనా సరే, ఆధార్ సర్వర్‌లో నమోదవుతుంది. ఆవిడ ఆధార్‌కు ఫోన్ నంబర్ లింక్ అయి ఉంటే ఆధార్ వెబ్‌సైట్‌లో గానీ ఎంఆధార్ యాప్‌లో గానీ గత ఆరు నెలల అథెంటికేషన్ హిస్టరీ చూడొచ్చు. ఏ తేదీన వేలిముద్ర పెట్టారో, పడలేదో అందులో కనిపిస్తుంది. ముందు ఆ పని చేయండి, ఆలస్యం చేస్తే పాత తేదీలు జారిపోతాయి. మీ ఫోన్‌లోనే ఓటీపీ వచ్చేలా ఉంటే ఇవాళే ప్రింట్ తీసుకోండి. మీకు ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

అసలు వేలిముద్ర పడలేదని బియ్యం ఆపడమే తప్పు. 2017 అక్టోబరు 24న కేంద్ర ఆహార శాఖ రాష్ట్రాలన్నిటికీ లేఖ రాసింది: ఆధార్ లేదని గానీ, బయోమెట్రిక్ ఫెయిలైందని గానీ అర్హులకు రేషన్ నిరాకరించకూడదు, అలాంటివాళ్లకు ఇచ్చి విడిగా రిజిస్టర్‌లో రాసుకోవాలి. అంతకు ముందు నెలలోనే జార్ఖండ్‌లోని సిమ్డేగా జిల్లాలో 11 ఏళ్ల పాప చనిపోయింది. ఆధార్ లింక్ కాలేదని కార్డు రద్దయి, ఇంట్లో తిండి లేకే పోయిందని తల్లి చెప్పింది. ప్రభుత్వం జ్వరం వల్ల అంది. ఏది ఏమైనా ఆ గొడవ తర్వాత వచ్చిన ఆదేశం ఇది, ఇన్నేళ్లయినా దీని గురించి తెలియని ముసలివాళ్లు ఊరూరా ఉన్నారంటే నాకు చాలా బాధగా ఉంటుంది. వేలు పడకపోతే కంటి స్కాన్, అదీ కాకపోతే ఓటీపీ, అదీ లేకపోతే రిజిస్టర్‌లో రాసి ఇవ్వడం, ఇదీ పద్ధతి. పైగా ఆంధ్రప్రదేశ్‌లో 2025 జూన్ నుంచి 65 ఏళ్లు దాటినవాళ్లకు, దివ్యాంగులకు సరుకులు ఇంటికే చేర్చే ఏర్పాటు పెట్టారు, మీ అత్తయ్యకు అది వర్తిస్తుందేమో సచివాలయంలో అడగండి.

ఇక హైదరాబాద్ సంగతి. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది, చాలామంది దీన్ని పట్టించుకోరు. ఆంధ్రలో రైస్ కార్డులన్నీ ఒకలాంటివి కావు. కొన్నింటికి డబ్బు కేంద్రం పెడుతుంది, అవి ఆహార భద్రతా చట్టం కింద వచ్చేవి. మిగతావాటికి రాష్ట్రమే తన ఖజానా నుంచి పెట్టుకుంటుంది. చూడ్డానికి కార్డు ఒకేలా ఉంటుంది, బియ్యం కూడా ఒకటే. కానీ వేరే రాష్ట్రంలో తీసుకునే హక్కూ, పైన చెప్పిన సెక్షన్ 8 భత్యమూ కేంద్రం కింద ఉన్న కార్డులకే. మీది ఏదో సచివాలయంలో చెబుతారు, మేరా రేషన్ యాప్‌లోనూ తెలుస్తుంది.

కేంద్రం కార్డే అయితే ఇక్కడి డీలర్ మాట చెల్లదు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు అనే పద్ధతి 2019 ఆగస్టులో మొదట మొదలైందే ఆంధ్ర-తెలంగాణ, గుజరాత్-మహారాష్ట్ర మధ్య! సుప్రీంకోర్టు 2021 జూన్ 29న వలస కూలీల కేసులో మిగిలిన రాష్ట్రాలన్నీ ఆ ఏడాది జులై 31లోగా దీన్ని అమలు చేయాలని కూడా చెప్పింది. మనిషికి 5 కిలోల చొప్పున మీ ఐదుగురికి 25 కిలోలు వస్తాయి. అందులో మీరు ఇక్కడ 20 తీసుకుంటే మిగతా 5 అత్తయ్య ఊళ్లో తీసుకోవచ్చు, మొత్తం ఒక్కచోటే తీసుకోవాలని లేదు. తెలంగాణ కార్డుదారులకు ఇచ్చే ఆరో కిలో మాత్రం ఆ రాష్ట్రం తన కార్డులకు ఇచ్చేది, అది మీరు అడగలేరు. కేంద్రం కింద బియ్యం 2023 జనవరి నుంచి ఉచితం, కాబట్టి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

"స్టాక్ రాలేదు" అని కూడా కొందరు చెబుతారు. అది మీ తలనొప్పి కాదు. కేంద్రం నుంచి ధాన్యం తక్కువొస్తే ఆ మేరకు రాష్ట్రానికి డబ్బు ఇవ్వాలని సెక్షన్ 23లో ఉంది. వాళ్ల లెక్కలు వాళ్లు తేల్చుకోవాలి, మీ సంచి ఖాళీగా పంపడానికి అది కారణం కాదు.

ఫిర్యాదు ఎలా అంటారా, ముందు 1967కు ఫోన్ చేసి నంబర్ రాసుకోండి. తర్వాత తెల్లకాగితం మీద కార్డు నంబర్, ఏ నెలలు ఇవ్వలేదు, ఏ తేదీల్లో వెళ్లారు, ఎన్ని కిలోలు, అన్నీ రాసి, ఆధార్ హిస్టరీ జతచేసి, జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారి పేరున శ్రీకాకుళం కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌లో ఇప్పించండి. చివర్లో "సెక్షన్ 8 కింద భత్యం చెల్లించగలరు" అని తప్పకుండా రాయండి, అడగనిది ఎవరూ ఇవ్వరు. హైదరాబాద్ షాపు మీద వేరే కాగితం రాసి ఇక్కడి ప్రజావాణిలో ఇవ్వండి, రెండూ కలిపితే ఎటూ కదలదు. జిల్లా అధికారి తేల్చింది నచ్చకపోతే రాష్ట్ర ఆహార కమిషన్‌కు అప్పీలు ఉంది. ఆయన ఇమ్మన్నది ఏ అధికారైనా సరైన కారణం లేకుండా ఇవ్వకపోతే కమిషన్ 5,000 రూపాయల దాకా జరిమానా వేయొచ్చు.

లాయర్ ఖర్చు గురించి టెన్షన్ పడకండి. మహిళ ఎవరైనా, ఆదాయంతో సంబంధం లేకుండా, 1987 చట్టం కింద ఉచిత న్యాయ సహాయానికి అర్హురాలే, 15100కు ఫోన్ చేస్తే చాలు. కలెక్టరేట్‌లో కాగితం ఇచ్చేటప్పుడు మాత్రం రెండు కాపీలు పట్టుకెళ్లమనండి, ఒకదాని మీద ముట్టినట్టు సంతకం, తేదీ, సీలు వేయించుకునే దాకా అత్తయ్యను అక్కడి నుంచి కదలొద్దని చెప్పండి.