పెచ్చులూడే స్లాబుకు పెన్షన్ డబ్బు ఎంతవరకు?

ప్రశ్న: నెల్లూరు జిల్లా కావలిలో ఉంటాను. రిటైరైన టీచర్ని, వయసు 63. మా ఇల్లు 1992లో కట్టింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వచ్చినప్పటి నుంచి స్లాబ్ కురుస్తోంది, రెండు గదుల్లో పెచ్చులు ఊడిపడుతున్నాయి. కాంట్రాక్టరు మొత్తం 5 లక్షల 20 వేలకు అంచనా ఇచ్చాడు: స్లాబుకు 2 లక్షల 10 వేలు, వైరింగుకు 85 వేలు, బాత్‌రూమ్‌లకు 95 వేలు, రంగులకు లక్షా 30 వేలు. పెన్షన్ 46 వేలు వస్తుంది. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో 15 లక్షలు, బ్యాంకులో రెండేసి లక్షల ఎఫ్‌డీలు మూడు ఉన్నాయి. ఒకటి ఫిబ్రవరిలో మెచ్యూర్ అవుతుంది. ఇంటి ఖర్చు నెలకు 38 వేలు. వీడియోలు చూసి చాలా పనులు నేనే చేసుకోగలననిపిస్తోంది. పర్సనల్ లోన్ తీసి ఒకేసారి అంతా చేయించేద్దామని మా అబ్బాయి అంటున్నాడు. ఏది మంచిది?

జవాబు: మాస్టారూ, మీ అంచనాలో నాలుగు పనులున్నాయి. ఆ నాలుగూ ఒకే తొందరవి కావు. స్లాబ్ ఆగదు, వైరింగ్ ఎక్కువ కాలం ఆగదు, బాత్‌రూమ్‌లు ఆగుతాయి, రంగులైతే ఆగి తీరాలి. ఈ వరుస పట్టుకుంటే మీకు లోనే అవసరం లేదు.

ముందు అబ్బాయి మాట చూద్దాం. 5 లక్షల 20 వేలు 12 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే నెల వాయిదా సుమారు 11,570 అవుతుంది. ఐదేళ్లలో వడ్డీయే లక్షా 74 వేలు. అంటే స్లాబ్ రిపేరుకు అయ్యేంతలో చాలా భాగం వడ్డీకే పోతుంది. ఇంటి రిపేర్ల లోన్ వడ్డీ మీద పన్ను మినహాయింపు ఉందని ఎవరైనా చెబితే, అది పాత పన్ను విధానంలో ఏడాదికి 30 వేల వరకే. మీరు రాసిన ఆదాయానికి కొత్త విధానంలో ఎలాగూ పన్ను పడదు, కాబట్టి మినహాయింపు కోసం అప్పు చేయడంలో అర్థం లేదు.

సీనియర్ సిటిజన్ స్కీమును కూడా ముట్టుకోకండి. 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి మీకు 30,750 వస్తోంది. ఆ ఖాతాలోంచి కావలసినంత మాత్రం తీసుకునే వీలు లేదు, తీస్తే మొత్తం మూసేయాలి. రెండేళ్లు దాటి ఐదేళ్లలోపు మూస్తే అసలులో ఒక శాతం కోత, అంటే 15 వేలు. రెండేళ్లలోపైతే కోత ఇంకా ఎక్కువ.

ఇక మీరే చేసుకోవడం గురించి. మీ ఆలోచన నాకు నచ్చింది. పాత ఇల్లు ఏటా చిన్న చిన్న పనులు అడుగుతుంది. ఇంట్లో ఉండే మనిషే అవి చేసుకుంటే పెద్ద ఖర్చు చాలా ఏళ్లు వెనక్కి పోతుంది. కానీ పెచ్చులూడిన స్లాబ్ ఆ కోవలోకి రాదు. మీ ఊరికి సముద్రం దగ్గర, గాలిలో ఉప్పు ఉంటుంది. కట్టేటప్పుడు ఉప్పు నీళ్లతో కాంక్రీటు కలిపి ఉంటే ఆ ఉప్పు లోపలా ఉంటుంది. చెమ్మ తగిలితే చువ్వలు తుప్పుపట్టి ఉబ్బుతాయి, ఆ ఒత్తిడికి కాంక్రీటు పగిలి పెచ్చుగా ఊడిపడుతుంది. కింద నుంచి సిమెంటు మెత్తి, పైన తెల్ల కోటింగ్ కొడితే రెండు నెలలు చూడటానికి బాగుంటుంది. లోపల తుప్పు మాత్రం నడుస్తూనే ఉంటుంది. మళ్లీ ఊడేటప్పుడు మీరు మెత్తిన సిమెంటు కూడా కలిసి, ఇంకా పెద్ద పెచ్చు పడుతుంది. ఈలోగా ఆ రెండు గదుల్లో మంచం వేసుకోకండి. మనవలు వస్తే అక్కడ ఆడుకోనివ్వకండి.

ఈ పనికి కాంట్రాక్టరు మాటొక్కటే చాలదు. ఈ పని మీద తనకేమీ లాభం రాని ఒక సివిల్ ఇంజినీరును పిలిచి, ఫీజు ఇచ్చి, చువ్వలు ఎంత సన్నబడ్డాయో చూపించి రాయించుకోండి. ఈ ఖర్చుకు మాత్రం వెనకాడకండి. ఊడే కాంక్రీటంతా చెక్కాలి, చువ్వల తుప్పు పూర్తిగా గీకి తుప్పు పట్టని పూత వేయాలి, బాగా తినేసిన చోట కొత్త చువ్వ కట్టాలి, ఆ తర్వాతే పాలిమర్ మోర్టార్ అనే ప్రత్యేక సిమెంటు మిశ్రమం మెత్తాలి. పైన వాలు సరిచేసి, పిట్టగోడ స్లాబుతో కలిసే మూలలు కూడా కలిపి వాటర్‌ప్రూఫింగ్ చేయాలి. ఒప్పందం గుత్తగా వద్దు, చదరపు అడుగుకు ఇంత అని రాయించుకోండి. చెక్కడం మొదలయ్యాక కొలత పెరుగుతుంది, అప్పుడు బేరం మీ చేతిలో ఉండదు.

మన జిల్లాకు ఎక్కువ వాన ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. అందుకే స్లాబ్ పని మార్చిలో మొదలుపెట్టి మేలోపు ముగించాలి. పని అయ్యాక డాబా మీద ఒక రోజంతా నీళ్లు కట్టి చూడండి. బిల్లులో పది శాతం డిసెంబరు ఆఖరు వరకు మీ దగ్గరే ఉంచుకుంటానని ముందే మాట తీసుకుని కాగితం మీద పెట్టించండి. కార్తీక మాసం వానలు దాటితేనే ఆ పని ఎలాంటిదో తెలుస్తుంది. దీనికి ఒప్పుకోని మనిషికి నేనైతే పని ఇవ్వను.

ఇంతకంటే ముందు ఒకటి చూడండి. వానలు లేని రోజుల్లో కూడా స్లాబుకు చెమ్మ ఉందా? ఉంటే అది వాన నీరు కాదు, పైపుదో ట్యాంకుదో. డాబా మీది ట్యాంకులో, నిండగానే నీళ్లు ఆపే బాల్ వాల్వ్ పాడై రోజూ నీళ్లు పొంగి స్లాబ్ మీద పారుతుంటే, ఎంత ఖరీదైన వాటర్‌ప్రూఫింగ్ చేయించినా నిలవదు. వాల్వ్ మార్చడానికి కొన్ని వందలు చాలు. ఇది మీరే చేసుకోవచ్చు.

డాబా మీద మీ చేతికి పని చాలానే ఉంది. ఏటా దసరాకు ముందు తూముల్లో ఆకులు, మట్టి తీసేయండి. పిట్టగోడ పగుళ్లలో మొలిచే రావి మొక్కను చిన్నదిగా ఉండగానే వేరుతో సహా లాగేయండి. సన్నని పగుళ్లు క్రాక్ ఫిల్లర్‌తో పూడ్చండి. ఉప్పు గాలికి కిటికీ ఊచలు తుప్పు పట్టకముందే గీకి రెడ్ ఆక్సైడ్ వేయండి. కుళాయి వాషర్లు, బాత్‌రూమ్ టైల్స్ సందుల్లో గ్రౌటు కూడా మీ పనే. ఇవి సరిగా చేస్తే ఆ 95 వేల బాత్‌రూమ్ పని రెండు మూడేళ్లు వాయిదా వేయవచ్చు. నిచ్చెన ఎక్కే పనులు మాత్రం వద్దు. ఈ వయసులో తుంటి ఎముక విరిగితే, ఈహెచ్ఎస్ (ఉద్యోగుల, పెన్షనర్ల ఆరోగ్య పథకం) కార్డు ఉన్నా, మిగిల్చిన కూలీ కంటే చాలా ఎక్కువ పోతుంది. సెప్టిక్ ట్యాంకులోకి మీరు దిగకండి, ఎవర్నీ దింపకండి. అది ప్రాణాలకు ముప్పు, పాకీ పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం కూడా.

కరెంటు పని కూడా మీది కాదు. వైరింగ్ మార్చేదాకా ఆగకుండా, వెంటనే ఎలక్ట్రీషియన్‌తో 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించండి, ఎర్త్ సరిగా ఉందో లేదో చూపించండి. తడిసిన స్లాబ్ గొట్టాల్లోంచి స్విచ్ బోర్డులోకి నీళ్లు దిగే ఇంట్లో ఇది ఒక్క రోజు కూడా ఆగకూడదు. ఆర్‌సీసీబీ తరచూ పడిపోతుంటే దాన్ని తీయించకండి. ఎక్కడో కరెంటు లీకవుతోందని అది చెబుతోంది.

డబ్బు ఇలా సర్దుకోండి. ఫిబ్రవరిలో వచ్చే ఎఫ్‌డీ స్లాబుకు. మీకు నెలకు అన్నీ కలిపి 56 వేల పైన వస్తోంది, ఖర్చు పోగా 18 వేలు మిగలాలి. అందులో ఫిబ్రవరి నుంచి నెలకు 10 వేలు పక్కన పెడితే అక్టోబరుకు 90 వేలు, వైరింగుకు సరిపోతాయి. లోపలి పని కాబట్టి వానల్లోనూ నడుస్తుంది. ఆ తర్వాత నెలకు 5 వేలతో ఒక ఆర్‌డీ ఇంటి రిపేర్ల కోసమే నడపండి. మిగతా రెండు ఎఫ్‌డీలు మీ వైద్య ఖర్చులకు, వాటిని ఇంటికి వాడకండి. రంగులు వచ్చే ఏడాది, గోడల్లో చెమ్మ పూర్తిగా ఆరాక. ఇప్పుడే వేస్తే పొట్టులా లేచిపోతాయి. లోపలి గదుల గోడలకు చేయి అందేంత వరకు మీరే వేసుకుంటే కూలీలో కొంత మిగులుతుంది. పైభాగం, బయటి గోడలు పెయింటర్లకు వదిలేయండి.

భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా పాలసీ కూడా తీసుకోండి. తుఫాను, వరద, అగ్ని ప్రమాదం దానిలో ఉంటాయి. తుప్పు, పాతబడటం వల్ల వచ్చే నష్టానికి మాత్రం డబ్బు రాదు. విలువ స్థలం ధరతో కాదు, ఇల్లు మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చుతో వేయించండి.

చువ్వలు చాలా చోట్ల తినేశాయని, రిపేరు నిలవదని ఇంజినీరు రాస్తే ఈ లెక్క మారిపోతుంది. అప్పుడు వైరింగు మీద, బాత్‌రూమ్‌ల మీద రూపాయి కూడా పెట్టకండి. ఆ రిపోర్టు, మిగతా ఎఫ్‌డీల తేదీలు రాసి పంపండి, తిరిగి కట్టడమా, అద్దెకు మారడమా చూద్దాం. అంతవరకు అబ్బాయిని లోన్ కాగితాల మీద సంతకం పెట్టవద్దని చెప్పండి.