కొండ దారుల్లో తొక్కే మౌంటెన్ బైక్ టైర్లకు గాలి ఎంత ఉండాలి?

టైరు పక్కన ముద్రించిన గరిష్ఠ అంకె చూసి అంత గాలి నింపేయకండి. అది దాటకూడని హద్దు మాత్రమే. సుమారు 75 కిలోల మనిషికి, 2.4 అంగుళాల ట్యూబ్‌లెస్ టైర్లయితే ముందు 22, వెనక 25 పీఎస్ఐతో (గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం) మొదలుపెట్టవచ్చు. బరువులో ఎక్కువ భాగం వెనక చక్రమే మోస్తుంది కాబట్టి అక్కడ కాస్త ఎక్కువ. లోపల ట్యూబు ఉంటే ఇంకో నాలుగైదు కలపాలి. లేకపోతే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి, పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి.

మిగతాది దారి చెబుతుంది. రాళ్లూ చెట్ల వేళ్లూ ఉన్న చిన్న భాగాన్ని ఎంచుకుని అక్కడే మళ్లీ మళ్లీ తొక్కండి, ప్రతిసారీ ఒక్క పీఎస్ఐ తగ్గిస్తూ. బండి ప్రతి రాయి మీదా బంతిలా ఎగురుతూ, మలుపులో ముందు చక్రం జారుతుంటే గాలి ఎక్కువైనట్టే. రిమ్ము ఠంగుమని రాయికి తగిలినా, మలుపులో టైరు పక్కకు ఒరుగుతున్నట్టు అనిపించినా తక్కువైంది, రెండు పెంచండి. వానకు తడిసిన వేళ్ల మీద ఒకటి తగ్గిస్తే పట్టు బాగుంటుంది.

గాలి ఒత్తిడి కొలిచే గేజ్ మాత్రం ఎప్పుడూ ఒకటే వాడండి, ఎందుకంటే పంపు మీటర్లు ఒక్కోటి ఒక్కోలా చూపిస్తాయి. బొటనవేలితో నొక్కి అంచనా వేయడం ఇక్కడ అసలు పనికిరాదు.